మొదట చెప్పిన అంకె

నేను చెప్పిన మొదటి అంకెకి ఎదుటి మనిషి మారుమాట లేకుండా ఒప్పుకోవడం నా జీవితంలో ఒక్కసారే జరిగింది. పాడేరులో ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మా నాన్నకి కూడా ఆ ఘనత దక్కలేదు. విశాఖపట్నంలో, ఏసీ గదిలో, అద్దాల బల్ల ముందు కూర్చుని నేనొక అంకె చెప్పాను. అవతలి మనిషి దాన్ని ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు, థాంక్స్ అన్నాడు, లేచి చెయ్యి అందించాడు. మొత్తం బేరం అర నిమిషం. ఒక్క మాటతో అర నిమిషంలో పన్నెండు మంది నడుములు వంచినవాడు మా పాడేరు ఏజెన్సీ మొత్తం మీద నేను కాక ఇంకొకడు ఉంటాడనుకోను.

ఆ అంకె మూడువందల యాభై.

రెండువేల ఐదో ఆరో సంవత్సరం అది. నేను విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. జనం చేత్తో నింపిన బీమా దరఖాస్తుల్ని స్కాన్ చేసి పంపిస్తే, వాటిని తెర మీద చూస్తూ పేరు, ఊరు, వయసు, నామినీ, అన్నీ మళ్లీ టైపు చేసి పంపడం మా పనుల్లో ఒకటి. అద్దెలు తక్కువ, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఎక్కువ అని ఎవరో చెబితే, ఆ పనికి పాడేరులో ఒక చిన్న సెంటర్ తెరవాలని కంపెనీ అనుకుంది. అక్కడివాణ్ని కాబట్టి నన్ను టీమ్ లీడర్‌ని చేద్దామనుకున్నారు. ఆ మీటింగులో మేనేజరు అడిగింది ఒకటే ప్రశ్న. మీ వాళ్లు మనిషికి రోజుకి ఎన్ని దరఖాస్తులు చేస్తారు?

జవాబు నాకు తెలుసు. అంతకు ముందే రెండు వారాలు కొంతమందిని కూర్చోబెట్టి చేయించి చూశాం. నిదానంగా, తప్పుల్లేకుండా చేస్తే రెండువందల ఇరవై. ఆ కాగితం నా సంచీలోనే ఉంది. అయినా నా నోరు మూడువందల యాభై అంది.

ఎందుకంది అంటే, మా కొట్టులో మొదటి అంకె ధర కాదు, పలకరింపు. తొంభైల్లో నేను బడి నించి రాగానే ఆ గల్లా పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని పెరిగాను. స్టీలు బకెట్టు ఎంత అని ఎవరైనా అడిగితే మా నాన్న ఒక అంకె చెప్పేవాడు. అడిగినాయన గుండె పట్టుకునేవాడు. మెట్లు దిగేవాడు. మా నాన్న వెనక్కి పిలిచేవాడు, తన కొనుగోలు ధర మీద ఒట్టేసేవాడు, ఆయన నవ్వేవాడు, నేను బకెట్టు బోర్లించి అడుగు మీద వేళ్లతో కొట్టి చప్పుడు వినిపించేవాణ్ని. చివరికి ఎక్కడో మధ్యలో కలిసేవాళ్లు. మొదట చెప్పిన అంకె ఆపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు, గుర్తుంచుకోవడం మర్యాద కూడా కాదు.

సంతకి కొండల మీంచి దిగొచ్చే జనం మాత్రం ఈ ఆటలోకి రారు. చీపుళ్ల కట్టో, పసుపో, చింతపండో ముందు పెట్టుకుని ఒకటే మాట చెబుతారు. మనం తగ్గించి అడిగితే వాదించరు. అవసరం ఉంటే ఇచ్చేస్తారు, లేకపోతే మూట కట్టుకుని లేచి వెళ్లిపోతారు. పాపం వీళ్లకి బేరం రాదని మేం జాలిపడేవాళ్లం. జాలిపడుతూనే తక్కువకి కొనేవాళ్లం.

కాబట్టి మూడువందల యాభై అన్నాక నేను అసలు మాటలు మొదలవుతాయని ఎదురుచూశాను. అంత సాధ్యమా అంటాడు, కష్టమే కానీ చూద్దాం అంటాను, కరెంటు గురించి, వానల గురించి, కొత్త పిల్లల గురించి ఒక్కొక్కటీ చెప్పి మెల్లిగా దిగుతాను. అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన చెయ్యి అందించేసరికి నా కరెంటు, నా వానలు అన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఆ వారం ఇంటికి వెళ్లి మా నాన్నకి గొప్పగా చెప్పాను, టీమ్ లీడర్‌ని అయ్యానని. ఎలా అయ్యావంటే అంకె సంగతి కూడా చెప్పాను. ఆయన తూకం రాళ్లు తుడుస్తున్నాడు.

“రెండొందల ఇరవై సేసే పనికి మూడొందల యాభై అన్నావా? నువ్వు అమ్మేవోడివా, కొనేవోడివా?”

అమ్మేవాణ్నే అన్నాను.

“పని అమ్మేవోడు తక్కువ సెప్పి పైకెక్కాలి కదరా. మరాడేటన్నాడు?”

“థాంక్స్ అన్నాడు.”

మా నాన్న రాయి కింద పెట్టాడు. “బేరవాడకుండా ఒప్పుకున్నాడంటే ఆడు కొనడానికి రాలేదు. నీ దగ్గర పట్టుకెళ్లి ఇంకోడికి అమ్మడానికొచ్చాడు.”

పైకి చెప్పి కిందికి దిగడం ఒకటే నేర్చుకున్న నోరు నాది. ఎటు నించి ఎక్కాలో, ఎటు దిగాలో అమ్మే సరుకుని బట్టి మారుతుందని ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ పూట గల్లా దగ్గర తెలిసింది.

వానాకాలం మొదట్లో సెంటర్ తెరిచాం. బస్టాండుకి కొంచెం దూరంలో సిమెంటు కొట్టు మీద మేడ. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు తిరిగే కుర్చీలు, డాబా మీద డిష్షు, కింద జనరేటరు. పొద్దున్న కిటికీలోంచి మంచు లోపలికొచ్చి కీబోర్డుల మీద తడి పేరుకుంటే, మా వాళ్లు పాత లుంగీ గుడ్డతో తుడుచుకుని కూర్చునేవారు. గోడల మీద విశాఖపట్నం నించి వచ్చిన పోస్టర్లు. మనమంతా ఒకే కుటుంబం అని ఒకటి. మీ లీడర్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది అని ఇంకొకటి. నా గదికి తలుపే లేదు, మా అమ్మ పాత చీర కర్టెను. ఆ విషయంలో కంపెనీ చెప్పింది నూటికి నూరు పాళ్లూ పాటించినవాణ్ని నేనొక్కణ్నే.

ఎవరూ ఎవర్నీ సార్ అనకూడదు, పేరు పెట్టి పిలుచుకోవాలి అని ఒక నియమం. మా వాళ్లు అది విని కిందికి చూశారు. పెద్దవాణ్ని, అందులోనూ షావుకారి కొడుకుని పేరు పెట్టి పిలవడం వాళ్ల వల్ల కాలేదు. సార్ అంటే తప్పు అన్నారు కాబట్టి కొన్నాళ్లు ఏమీ అనడం మానేసి, నా ముందుకొచ్చి నిలబడి గొంతు సవరించుకునేవారు. విశాఖపట్నం ఫోను లేనప్పుడు సార్ అనండి అని నేనే రాజీ కుదిర్చాను. వారానికోసారి ఫన్ అవర్ పెట్టాలని ఇంకో నియమం. అది సంత రోజు మధ్యాహ్నం పడేది. కింద సంతలో అసలు సందడి అంతా జరుగుతుంటే మేం పైన మ్యూజికల్ చెయిర్స్ ఆడి, ఫోటో తీసి, పంపేవాళ్లం. ఫోటోలో అందరి మొహాలూ కిటికీ వైపే ఉండేవి.

వీటన్నిటికంటే ముఖ్యమైంది బోర్డు. పన్నెండు పేర్లు, పక్కన ఆ రోజు అంకె. మూడువందల యాభై దాటితే ఆకుపచ్చ, మూడువందలు దాటితే పసుపు, కిందుంటే ఎరుపు. నూటికి రెండు తప్పుల దాకా మాఫీ. అది తెలిశాక పిల్లలు దరఖాస్తు చదవడం మానేశారు, కనబడింది కనబడినట్టు కొట్టేవారు. రెండో నెల వచ్చేసరికి పదకొండు మంది ఎలాగో మూడువందలు దాటారు. మణికట్లకి గుడ్డలు చుట్టుకుని, మధ్యాహ్నం అన్నం పది నిమిషాల్లో తినేసి, దాటారు. బోర్డు మీద పసుపు, ఆకుపచ్చ చూసి విశాఖపట్నం నన్ను మెచ్చుకుంది. నేను వాళ్లకి మిఠాయి కొని పెట్టాను. మా కొట్టు లోంచే, కొనుగోలు ధరకి.

పన్నెండో కుర్చీ ఎరుపు.

అందులో కూర్చునేది పెదబయలు వైపు గూడెం నించి వచ్చిన అమ్మాయి. మిషను హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది, కంప్యూటర్ డిప్లొమా ఉంది. ఇంకో ఇద్దరితో కలిసి బస్టాండు వెనక గది తీసుకుని ఉండేది. చేరిన రోజే నాకు తన పరిస్థితి చెప్పేసింది. ఆరు నెలలకి ఉద్యోగం పర్మనెంటు చేస్తారు కదా, అయితే ఉండమన్నాడు వాళ్ల అన్నయ్య. కాకపోతే డిసెంబరులో కాఫీ పళ్ల కోతకి ఇంటికొచ్చెయ్యాలి, ఇంక దిగడం లేదు. ఈ కుర్చీ ఉంటే ఆమె పాడేరులో ఉంటుంది, లేకపోతే కొండెక్కుతుంది. మధ్యలో ఇంకేమీ లేదు.

ఆమె రోజుకి చేసేది రెండువందల ఇరవై. ఒక్కోసారి రెండువందల పదిహేను. దరఖాస్తు మొత్తం పెదాలు కదుపుతూ చదివి అప్పుడు కొట్టేది. లెక్క కుదరకపోతే ఆపేది. ఒకసారి నన్ను పిలిచి తెర చూపించింది. నామినీగా రాసిన భార్య వయసు నాలుగేళ్లు.

“నలభైకి సున్నా మర్సిపోయుంటారు సార్. కానీ నాను సున్నా ఎట్టకూడదు కదా.”

అలాంటివి పక్కన పెట్టి కాగితం మీద వరసగా రాసి ఇచ్చేది. ఆ కాగితాలు ఏం చెయ్యాలో విశాఖపట్నంలో ఎవరికీ తెలియదు. తప్పులకి కదా మాఫీ ఉంది, తప్పుల్లేకపోతే ఏమిస్తారో ఎక్కడా రాసి లేదు.

మూడు నెలలు ఎరుపు పడితే మెరుగుదల కాగితం అని ఒకటి వస్తుంది. నేను ఈ నెలాఖరుకి రోజుకి మూడువందల యాభై చేస్తానని మాట ఇస్తున్నాను, చెయ్యలేకపోతే నా ఉద్యోగం ఉండదని నాకు తెలుసు, అని రాసి ఉంటుంది, కింద సంతకం చెయ్యాలి. ఆ కాగితం రాకుండా చూడాలని నేను షావుకారి తెలివి అంతా వాడాను. ముందు ఆమెకి అచ్చు అక్షరాల్లాంటి రాత ఉన్న సులువు దరఖాస్తులు ఏరి పంపాను. రెండో రోజుకే పట్టేసింది. అందరికీ కలిపి పంచండి సార్, నాకు మాత్రవే మంచివి ఎందుకు అంది. పక్క కుర్చీలో ఎక్కువైన ఓ నలభై తీసి ఆమె లెక్కలో కలిపాను. మర్నాడు పొద్దున్నే ఆమె వాటిని మళ్లీ పక్క కుర్చీకి మార్చేసి, నాకు చెప్పి మరీ వెళ్లి కూర్చుంది. పాడైన సరుకుని మంచి సరుకు కింద పెట్టి అమ్మడం చిన్నప్పుడే నేర్చుకున్నవాణ్ని, మంచి సరుకుని అమ్మడం ఎలాగో అర్థం కాక తల పట్టుకున్నాను.

కాగితం వచ్చింది. నవంబరు. ఆమెని చీర కర్టెను లోపలికి పిలిచి ముందు పెట్టాను. చదివింది, పెదాలు కదుపుతూ, మొత్తం.

“ఇది నాను సెయ్యలేను సార్.”

చెయ్యనక్కర్లేదని, సంతకం పెడితే చాలని అన్నాను. అందరూ పెడతారు, ఇది ఒక మాట మాత్రమే, ముందు పెట్టేస్తే తరవాత చూసుకోవచ్చు, నెలాఖరుకి నేను మాట్లాడతాను, ఎంతో కొంత దించుతాను. మా నాన్న బకెట్టు అమ్మేటప్పుడు ఉండే గొంతు నా గొంతులో నాకే వినిపిస్తోంది.

“మూడొందల యాభై సేత్తానని నాను రాసిచ్చి, రేపొద్దున్న ఆలు అడిగితే ఏటి సూపించాలి?”

“అడిగినప్పుడు కదా.”

“అడుగుతారనే కదా రాయించుకుంటన్నారు.” కాగితం మెల్లిగా నా వైపు తోసింది. “రెండొందల ఇరవై అని రాయండి. ఇప్పుడే ఎట్టేత్తాను. ఏరే అంకె ఎవరు సెప్పారో ఆలనే ఎట్టమనండి.”

లేచి వెళ్లి కుర్చీలో కూర్చుంది. వేరే అంకె ఎవరు చెప్పారో ఆమెకి తెలియదు. సెంటర్లో ఎవరికీ తెలియదు. విశాఖపట్నం నిర్ణయించింది, మనమేం చేస్తాం అని మొదటి రోజే అందరికీ చెప్పి, వాళ్లతో పాటు నేను కూడా నిట్టూర్చి ఉన్నాను.

సంతకం లేని కాగితం వెనక్కి వెళ్లింది కాబట్టి మేనేజరు స్వయంగా వచ్చాడు. ఆయన నా కంటే రెండేళ్లు చిన్నవాడు, మంచివాడే, ఘాట్ రోడ్డు మాత్రం ఆయనకి పడదు. వచ్చిన ప్రతిసారీ నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కారు దిగి, ఓ పావుగంట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు తేరుకున్నాక అందరినీ చుట్టూ కుర్చీల్లో కూర్చోబెట్టి, అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పమన్నాడు. పదకొండు మందీ, కంపెనీ చాలా బాగుందన్నారు. ఆ ముందు రోజు సాయంత్రం నేనే చెప్పించాను. ఆమె వంతు వచ్చింది. నువ్వు ఇంకా ఎక్కువ చెయ్యాలంటే నీకేం కావాలి అని అడిగాడు.

ఏమీ అక్కర్లేదంది. తను చెయ్యగలిగింది రెండువందల ఇరవై, అందులో తప్పులుండవు, ఆ అంకెకి ఎప్పుడైనా సంతకం పెడతానంది. గొంతు పెంచలేదు, దించలేదు. మూట ముందు పెట్టుకుని ఒకటే ధర చెప్పే మనిషి గొంతు. తగ్గించి అడిగితే లేచి వెళ్లిపోయే మనిషి గొంతు కూడా అదే. ఆ గొంతు నేను చిన్నప్పటి నించీ ఎరుగుదును.

మీటింగు అయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి, నెలాఖరుతో ఈమెని ఆపేద్దాం, బాధగానే ఉంది కానీ తప్పదు అన్నాడు. నేను సరే అన్నాను. ఇక్కడ కూడా అబద్ధం చెప్పదలచుకోలేదు, సరే అనే అన్నాను. తరవాత ఆయన కారు దగ్గరికి వెళితే డ్రైవరు భోజనానికి పోయి ఇంకా రాలేదు. కింద టీ బడ్డీ దగ్గర బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. రెండు టీలు చెప్పాను. డ్రైవరు అయిదు నిమిషాలు ముందు తినేసి వచ్చి ఉంటే నేనీ పని చేసి ఉండేవాణ్నో లేదో నాకు అనుమానమే. ఆ మూడువందల యాభై నిజం కాదండీ, మా ట్రయల్లో వచ్చింది రెండువందల ఇరవై, నేను ఊరికే అన్నాను, మీరు బేరమాడతారనుకున్నాను అని గబగబా చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు.

“ట్రయల్ షీట్ నాకు ముందే వచ్చిందండీ. రెండొందల ఇరవైకే బడ్జెట్ వేసుకుని ఆ మీటింగులో కూర్చున్నాను. మీరు రెండొందలు అనుంటే ఇంకో ఇరవై లాగి హ్యాపీగా వెళ్లిపోయేవాణ్ని. మీరు మూడొందల యాభై అన్నారు. లోకల్ మనిషి, వాళ్ల కెపాసిటీ ఈయనకి తెలిసినట్టు నాకు తెలియదు కదా అనుకున్నాను. సేఫ్టీకి ఓ యాభై తగ్గించి మన బీమా క్లయింటుకి మూడొందలు చెప్పేశాను.”

నా చేతిలో టీ చల్లారిపోయింది. కంపెనీ మా వాళ్ల నించి కోరుకున్నది రెండువందల ఇరవై. ఆ అమ్మాయి మొదటి రోజు నించీ తెచ్చి ముందు పెడుతున్నది రెండువందల ఇరవై. మధ్యలో ఉన్న అంకె మొత్తం నాది.

ఇప్పుడు దించొచ్చు కదా అన్నాను. కుదరదన్నాడు. క్లయింటు కుర్చీ లెక్కన బిల్లు కడతాడు, కుర్చీకి మూడువందలు కనబడకపోతే ఆ కుర్చీ ఉన్నట్టే లెక్క కాదు. ఆమె పనిలో తప్పుల్లేవని తనకీ తెలుసు, దాని మీద పర్మనెంటు చెయ్యొచ్చు కూడా, కానీ ఆ కుర్చీ మూడువందలు నిండాలి. ఏ చేతులు నింపాయన్నది క్లయింటు చూడడు. మిగిలిన ఎనభై ఎవరు చేస్తారు?

మిగతా పదకొండు మందికి పంచుదాం అని నోటి దాకా వచ్చింది. పైన వాళ్ల కిటికీ కనబడుతోంది, అక్కడెవరో మణికట్టు విదిలించుకుంటున్నారు. నేను చేస్తాను అన్నాను.

“ఎన్ని చెయ్యగలరు?”

ఒక్కసారి ఆలోచించాను. నా మామూలు పనులు పోను, రెండు వేళ్లతో కొట్టే నా టైపింగుకి, అరవై. అరవై అనే చెప్పాను. జీవితంలో మొదటిసారి ఉన్న అంకె చెప్పి బేరం మొదలుపెట్టాను. ఆయన ఎనభై అన్నాడు. డెబ్బై అన్నాను. ఎనభై అన్నాడు. దిగడానికి నా దగ్గర మెట్లే లేవు, అరవై దగ్గరే నేల. ఎనభైకి ఒప్పుకున్నాను. కారెక్కుతూ, బోర్డు మీద మూడువందల యాభై మాత్రం అలాగే ఉంచమన్నాడు, ఆ యాభై ఉంటే తనకి ధైర్యంగా ఉంటుందట. దానికి నేను బేరమాడలేదు. ఆడాల్సింది అక్కడే.

పైకి వెళ్లి ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను. తప్పు నీది కాదు, అంకె నాది, అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆమె తిడుతుందేమో అనుకున్నాను. తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

“ఆ ఎనభై ఎవరి పేరున రాత్తారు?”

“నా పేరున.”

“అలాగైతే ఉంటాను.” నా వేళ్ల వైపు చూసింది. “మీకు టైపింగొచ్చా సార్?”

వచ్చన్నాను. అది కూడా మొదటి అంకె లాంటి మాటే. వెళ్తూ వెళ్తూ కర్టెను దగ్గర ఆగి, మిగతావాళ్లకి కూడా చెప్పారా అని అడిగింది. చెప్తానన్నాను.

డిసెంబరులో ఆమెకి పర్మనెంటు కాగితం వచ్చింది. వాళ్ల అన్నయ్య చూడ్డానికి వచ్చాడు, బోర్డు మీద చెల్లెలి పేరూ నా పేరూ ఒకే కుర్చీ లెక్కలో కలిసి ఎరుపు పోయి ఉండటం చూసి, ఈ కుర్చీకి ఏం చక్రాలున్నాయో అని ఒకసారి తిప్పి చూసి, సంతలో ఉప్పు కొనుక్కుని వెళ్లిపోయాడు. మేనేజరుతో బేరం కుదిరిన మర్నాటి నించే టీమ్ లీడర్‌ని, ఎమ్మెస్సీని, పొద్దున్న అందరికంటే గంట ముందొచ్చి పన్నెండో కుర్చీలో కూర్చుని దరఖాస్తులు కొట్టేవాణ్ని. ఆమె వచ్చే వేళకి ముప్పై అయ్యేవి. మిగిలిన యాభై మధ్యాహ్నం అన్నం వేళా, సాయంత్రమూ. నా పనిలో తప్పులు నూటికి పది దాకా ఉండేవి. మాఫీ రెండే కాబట్టి ఎవరో ఒకరు చూడాలి. ఎవరు చూస్తారో వేరే చెప్పక్కర్లేదు. తన రెండువందల ఇరవై అయ్యాక నావి తెరిచి, ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదివి, కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టేది. ఒక రోజు అందరూ వింటుండగా పిలిచింది.

“సావుకారీ, ఈ ముసిలమ్మకి నూట నలభై ఏళ్లు ఏసీసారు. బీమా ఎవరిత్తారు?”

పన్నెండు మందీ నవ్వారు. ఫన్ అవర్ అంటూ ఆ సెంటర్లో నిజంగా ఒకటి జరిగిందంటే ఆ రోజే. సార్ అన్న మాట కూడా ఆ రోజుతో పోయింది, షావుకారీ అనే పిలిచేవారు. పేరు పెట్టి పిలవాలన్న కంపెనీ నియమానికి అంతకంటే దగ్గరగా మేం ఎప్పుడూ వెళ్లలేదు.

పర్మనెంటయ్యాక ఇంకో ఏడాది చేసి, పాడేరులోనే ప్రభుత్వాఫీసులో కంప్యూటర్ పని దొరికితే ఆమె వెళ్లిపోయింది. పరీక్ష పెట్టారట, తప్పుల్లేకుండా కొట్టినవాళ్లని తీసుకున్నారట. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్త కుర్రవాడికి పని పట్టుబడలేదు, అతను రెండువందలు దాటలేదు, నా ఎనభై మీద ఇంకో ఇరవై అతనూ నేనూ కొట్టుకు చచ్చేవాళ్లం. నాలుగు నెలలకి సెంటరే మూసేశారు. క్లయింటు పని వేరే ఊరికి తీసుకుపోయాడు. అక్కడ ఎవరో కుర్చీకి నాలుగువందలు అన్నారట. ఆయన ఏ సంతలో పెరిగాడో కానీ, ఆయన కింద పనిచేసినవాళ్లని తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు లెక్క. ఆ రోజు నేను రెండువందలు అని ఉంటే కంపెనీకి సంతోషం, రెండువందల ఇరవైకి పిల్లలకి సంతోషం, నాకు అదే టీమ్ లీడర్ కుర్చీ. కాబట్టి మూడువందల యాభై వల్ల నాకొచ్చింది ఏమీ లేదు. కట్టింది ఉంది. పదహారు నెలలు, నెలకి ఇరవై ఆరు రోజులు, రోజుకి ఎనభై. ముప్పై మూడు వేల చిల్లర దరఖాస్తులు. దీన్ని చాలాకాలం నేను నా జరిమానా కింద చెప్పుకుని, కట్టేశాను అనుకుంటూ వచ్చాను. కొంచెం గొప్పగా కూడా చెప్పుకున్నాను, దాచడం ఎందుకు.

కానీ అది ఒక్క కుర్చీ లెక్క. మిగతా పదకొండు కుర్చీల్లో తక్కువలో తక్కువ రోజుకి ఎనభై చొప్పున, సెంటర్ తెరిచిన రోజు నించి మూసేదాకా ఇరవై రెండు నెలలు, ఐదు లక్షలు దాటింది. అందులో ఇద్దరు మణికట్టు నొప్పులతో మధ్యలో మానేశారు. బోర్డు మీద మూడువందల యాభై చివరి రోజు దాకా అలాగే ఉంది. చెప్తానని ఆ అమ్మాయికి మాటిచ్చాను, చెప్పలేదు. ముందు భయం, తరవాత సిగ్గు, ఆ తరవాత సెంటరే లేదు. నేను కట్టింది ముప్పై మూడు వేలు. ఐదు లక్షలు వాళ్లు కట్టారు, ఎవరి మాటకి కడుతున్నారో తెలియకుండానే.